దివిసీమ ఉప్పెన నుంచి ఏ.కొండూరు దాకా: విపత్తు ఎక్కడ మొదలవుతుంది?



మా తిరువూరు సముద్రానికి దూరంగా, తెలంగాణ సరిహద్దున ఉన్న మెట్ట ప్రాంతం. మామిడి తోటలు, పత్తి, మిరప చేలు, వానాకాలంలో పొంగే వాగులు తప్ప ఉప్పెన అన్న మాట మా వారికి వార్తలలో వినబడేదే. విపత్తుల గురించి నేను మాట్లాడబోతే "ఆ బాధ తీరం వారిది కదా డాక్టరుగారూ" అనేవారే ఎక్కువ. అయినా ఏటా నవంబరు 19వ తేదీ వచ్చిందంటే నా మనసు దివిసీమకే పోతుంది. 1977లో ఆ రోజున సముద్రం ముంచెత్తినది మన కృష్ణా జిల్లానే. తిరువూరు కూడా అప్పుడు ఆ జిల్లాలోనిదే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గాలి, వాన, ఎండ ప్రకృతి చేతిలో ఉన్నవి. వాటివల్ల ఎందరు మరణిస్తారన్నది చాలావరకు మనుషుల చేతిలో ఉన్నది. ఈ మాట నాది కాదు, మన జిల్లాల చరిత్రే చెబుతున్నది. ఓపికగా చదవండి.

బందరు నేర్పిన మొదటి పాఠం

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు పట్టణం మీదికి ఉప్పెన వచ్చింది. సుమారు 30,000 మంది మరణించారని చరిత్ర చెబుతుంది. అప్పటికే క్షీణిస్తున్న ఆ ఓడరేవు తరువాత తన పాత వైభవాన్ని తిరిగి చూడలేదు. అంతకు నెల రోజులైనా ముందు కాదు, అదే ఏడాది అక్టోబరు 5న, కలకత్తాను ఇటువంటి తుపానే ధ్వంసం చేసింది. తుపాను ఎటు వస్తున్నదో, ఎప్పుడు వస్తున్నదో ముందుగా చెప్పే వ్యవస్థ ఆనాడు దేశంలో లేదు. ఆ విషాదాలు, ఆ తరువాతి సంవత్సరాలలో వానలు మొహం చాటేసి వచ్చిన కరువులు కలిసి ప్రభుత్వాన్ని కదిలించగా 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. నేడు మనం ఫోనులో చూసుకొనే తుపాను హెచ్చరిక వెనుక ఆనాటి బందరు మృతుల ఋణం కొంత ఉన్నది.

1977 నవంబరు 19

వాతావరణ శాఖ ఏర్పడిన నూట రెండేళ్ళకు దివిసీమ ఉప్పెన వచ్చింది. సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచి, తీరం నుంచి పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకువచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు 10,000కు పైమాటే. హెచ్చరికల వ్యవస్థ ఉండి కూడా ఇంత ప్రాణనష్టం ఎందుకు జరిగింది? రేడియోలో మాట వినబడినా, ఎక్కడికి పోవాలో చెప్పేవారు లేరు, పోవడానికి చోటూ లేదు. తీరంలో తుపాను ఆశ్రయ భవనాలు లేవు. తాటాకు ఇళ్ళు, మట్టి గోడలు, లోతట్టు నేల, చీకటి. ప్రకృతి చేసినది ఉప్పెన. ఆ ఉప్పెనకు ఎదురుగా మనుషులను నిరాయుధులుగా నిలబెట్టినది పేదరికం, ఏర్పాట్లు లేకపోవడం.

నేను అప్పుడు హౌస్ సర్జన్‌ని. సహాయక వైద్య బృందంతో దివిసీమకు వెళ్ళాను. బతికి బయటపడినవారిలో చాలామందికి ఛాతీ మీద, చేతుల లోపలివైపున, తొడల మీద చర్మం ఒకే తీరున గీసుకుపోయి ఉండడం చూసి ఆశ్చర్యపడ్డాను. రాత్రంతా తాటిచెట్టును కావలించుకొని ఉన్న గుర్తులవి. తరువాత కొన్నాళ్ళకు వైద్య పత్రికలో చదివాను. 1970 నవంబరులో నేటి బంగ్లాదేశ్ తీరాన్ని ముంచిన పెనుతుపాను తరువాత ఆల్ఫ్రెడ్ సోమర్, వైలీ మోస్లీ అనే వైద్యులు సర్వే చేసి, ఇవే గాయాలను గుర్తించి వాటికి "సైక్లోన్ సిండ్రోమ్" అని పేరుపెట్టారు. వారు గమనించిన మరొక విషయం మరింత బాధ కలిగిస్తుంది. చెట్టును పట్టుకొని వేలాడగల బలం ఉన్న వయోజన పురుషులలో మరణాలు తక్కువ. పిల్లలు, వృద్ధులు, స్త్రీలు ఎక్కువగా కొట్టుకుపోయారు. దివిసీమ శిబిరాలలో పసిపిల్లలు ఎందుకు అంత తక్కువగా కనబడ్డారో ఆ వ్యాసం చదివినప్పుడు నాకు అర్థమయింది.

పదమూడేళ్ళ తరువాత

1990 మే 9న మళ్ళీ అటువంటి తీవ్ర తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. లక్షల ఇళ్ళు కూలిపోయాయి, పంటలు, పశువులు పోయాయి. మనుషుల మరణాలు మాత్రం వెయ్యి లోపే. ఆ సంఖ్య కూడా చిన్నది కాదు, అయినా 1977తో పోల్చి చూడండి. సముద్రం మారలేదు, తీరం మారలేదు. ఈ పదమూడేళ్ళలో తీరం వెంట ఆశ్రయ భవనాలు లేచాయి. ఉపగ్రహం నుంచి, రాడారు నుంచి సమాచారం ముందుగా అందింది. లక్షకు పైగా ప్రజలను ముందే తరలించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏకంగా విశాఖ మహానగరం మీదనే విరుచుకుపడినా, ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వంద దాటలేదు.

ఒక మందు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి వైద్యులమైన మేము మందు వేసుకున్నవారిని, వేసుకోనివారిని పోల్చి చూస్తాము. 1977, 1990 నాకు అటువంటి పోలికగానే కనబడతాయి. ముందస్తు ఏర్పాటు అనే మందు పనిచేసింది.

నీరు తీసిన తరువాత వచ్చే మరణం

వరద నీరు తీసేసరికి ప్రమాదం గడిచిపోయిందని అనుకుంటాము. వైద్యునికి అప్పుడే పని మొదలవుతుంది. ఇక్కడ ఒక పొరపాటు నమ్మకం గురించి చెప్పాలి. శవాలవల్ల అంటువ్యాధులు ప్రబలుతాయని చాలామంది భయపడతారు. దివిసీమలో మా బృందమూ అలాగే భయపడింది. మొదటి రెండు రోజులు మా దగ్గరున్న బ్లీచింగ్ పౌడరులో అధికభాగం కళేబరాల మీదనే చల్లించాము. మంచినీటి బావుల దగ్గరకు పోయేసరికి పౌడరు అడుగంటింది. శిబిరంలో విరేచనాలు మొదలైన తరువాతగాని మా తప్పు మాకు తెలియలేదు.

నీట మునిగో, గోడ కూలో మరణించినవారు అంతకుముందు వరకు ఆరోగ్యంగా ఉన్నవారే. వారి శరీరాలనుంచి కలరా పుట్టదు. కలరా, టైఫాయిడ్, కామెర్లు వచ్చేది బతికున్నవారి మలం తాగునీటిలో కలవడంవల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ మాటే పదే పదే చెబుతున్నది. అనవసరమైన తొందరలో సామూహిక దహనాలు చేసినప్పుడు తమవారు ఎవరో, ఎక్కడున్నారో తెలియక కుటుంబాలు జీవితాంతం కుమిలిపోతాయి. మరణ ధ్రువీకరణ లేక భార్యాబిడ్డలు హక్కులు కోల్పోతారు. చనిపోయినవారికి గౌరవం, బతికున్నవారికి శుభ్రమైన నీరు: ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

విరేచనాలకు మందు కూడా ఒక మానవ విపత్తులోనే రుజువయింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలుకు తరలివచ్చారు. బొంగావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. దాదాపు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగివచ్చాయి. మీ ఇంటి మందుల పెట్టెలో ఉన్న ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

కరువు: వాన చేసినదెంత, మనిషి చేసినదెంత?

వరదలో కంటే కరువులో మనిషి పాత్ర మరింత స్పష్టంగా కనబడుతుంది. 1876-78 నాటి ధాత కరువు పేరు రాయలసీమ పెద్దల నోట నేటికీ వినబడుతుంది. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలలో కలిపి మృతులు 50 లక్షలకు పైగా ఉంటారని అంచనా. వానలు లేని మాట నిజమే. అదే కాలంలో దేశం నుంచి ధాన్యం విదేశాలకు ఎగుమతి అవుతూనే ఉన్నది. ఖర్చు తగ్గించడానికి ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులలో రాళ్ళు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు.

దీనిని ఎదిరించినవాడు ఒక వైద్యుడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్, ఆ తిండితో కష్టం చేసే మనిషి బతకలేడని, కూలీలు కళ్ళముందే చిక్కిపోతున్నారని ప్రభుత్వానికి వాదించి వ్రాశాడు. కొన్ని నెలల తరువాత మద్రాసులో ఆ కూలి రేటును సడలించవలసి వచ్చింది. ఆపైన కరువు కమిషన్, దాని సిఫారసుల మీద కరువు నిబంధనావళి వచ్చాయి. ఒక ప్రభుత్వ వైద్యుడు లెక్కలు చూపి "ఇది చాలదు" అని చెప్పగలగడం ఎంత పెద్ద చికిత్సో, ఉద్యోగ జీవితంలో నాకు చాలాసార్లు గుర్తుకువచ్చేది.

విశాఖలో గాలి, విజయవాడలో నీరు

ఇక పూర్తిగా మనిషి చేతి విపత్తులు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. లాక్‌డౌన్ రోజులలో ట్యాంకులో నిలవ ఉన్న రసాయనం వేడెక్కింది. ఆ చర్యను ఆపవలసిన నిరోధక పదార్థం తగినంత లేదు. ఊరిని లేపవలసిన సైరను మోగలేదు. ప్రభుత్వం నియమించిన కమిటీ విచారణలో బయటపడిన లోపాలివి. వీటిలో ఒక్కటైనా ప్రకృతి చేసినది ఉన్నదా?

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కుండపోత వానకు బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో నిలిచాయి. ఈ ఏరు మైలవరం కొండల వైపు నుంచి వస్తుంది. అంటే మన తిరువూరు వారు విజయవాడకు పోయే దారిలోనిదే. ఏటి నీటిని కృష్ణలోకి మళ్ళించే కాలువ ఉన్నది. ఆ సమయంలో కృష్ణ తానే ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో ఉరకలెత్తుతుంటే ఏటి నీటికి దారి ఎక్కడిది? వాన ప్రకృతిది. దశాబ్దాలుగా ఏటి పరీవాహక భూమిలో ఇళ్ళు లేస్తుంటే చూస్తూ ఊరుకున్నది మనము. ఆ వరదలో అన్నం పొట్లాలను డ్రోన్లతో అందించవలసి వచ్చింది. మేడ మీద చిక్కుకున్న మధుమేహ రోగికి ఇన్సులిన్ ఎట్లా అందాలి? ఈ ప్రశ్న నన్ను మన ఇంటి ముంగిటికి తీసుకువస్తున్నది.

మన ముంగిట ఉన్న విపత్తు

తిరువూరుకు పొరుగునే ఉన్న ఏ.కొండూరు మండలం తండాలలో ఏళ్ళ తరబడి మూత్రపిండాల వ్యాధి మనుషులను తీసుకుపోతున్నది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటలలో కనబడే వ్యాధికి ఇది దగ్గరి చుట్టం. బోరు నీటిలోని ఖనిజాలు, ఎండలో నీరు తాగకుండా చేసే కష్టం, పురుగుమందులు, నొప్పి మాత్రలు: ఇన్నింటి మీద అనుమానం ఉన్నది. ఏదో ఒక్కటే కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు. బహుశా ఇవన్నీ కలిసే దెబ్బ తీస్తున్నాయి. దీనికి తుపాను వలె పేరు లేదు. తీరం దాటే తేదీ లేదు. అందువల్లనే ఇది విపత్తుగా మన కంటికి ఆనదు.

నేను పదవీ విరమణ చేసిన తరువాత జరిగిన సంగతి ఒకటి చెబుతాను. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే ఒక వ్యవసాయ కూలీ నాకు తెలుసు. వయసు నలభై దాటింది, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఒక వానాకాలంలో వాగు పొంగి చప్టా మునిగిపోయింది. వరుసగా రెండు విడతలు డయాలసిస్ తప్పింది. ఆయాసం వస్తుంటే నీరసమనుకొని ఇంటివారు కొబ్బరినీళ్ళు తాగించారు. మూత్రపిండాలు పనిచేయనివారికి కొబ్బరినీళ్ళలోని పొటాషియం గుండెను ఆపగలదని వారికి ఎవరూ చెప్పలేదు. వాగు తీసిన తరువాత ఆటోలో తెచ్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ వానలకు ఆ చుట్టుపక్కల ప్రాణనష్టం లేదని మరునాడు అందరూ అనుకున్నారు. అతని మరణం మూత్రపిండాల వ్యాధి ఖాతాలోకి పోయింది. వాగు ఖాతాలోకి రాలేదు. ఇటువంటి మరణాలను విపత్తు మరణాలుగా మనం లెక్కించము. లెక్కించని మరణాన్ని నివారించాలన్న ఆలోచన కూడా రాదు. కార్నిష్ లెక్క వ్రాసి చూపబట్టే కూలీల తిండి పెరిగిందని మరవవద్దు.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. తుపాను హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చడం మన రాష్ట్రంలో అలవాటయింది. ఎందరో తల్లులు అందువల్ల బతికారు. అదే పద్ధతి డయాలసిస్ రోగులకూ పాటించాలి. ఏ తండాలో ఎవరు డయాలసిస్ మీద ఉన్నారో, వారి దారిలో ఏ వాగు ఉన్నదో ఆశా కార్యకర్త దగ్గర జాబితా ఉండాలి. భారీ వర్ష సూచన వచ్చిన రోజునే వారిని వాగుకు ఇవతలికి తీసుకురావాలి. దీనికి రాడారు అక్కరలేదు, ఒక నోటు పుస్తకం చాలు. మీ ఊరి గ్రామసభలో ఈ మాట మీరు లేవనెత్తండి.

ఇంటింటా పాటించవలసినవి

వానాకాలానికి ముందే, రోజూ వాడే మందులు కనీసం రెండు వారాలకు సరిపడా తెచ్చి, చీటీ నకలుతో సహా నీరు చొరని సంచిలో పెట్టుకోండి. బి.పి., షుగరు, మూర్ఛ, ఆస్తమా ఉన్నవారికి ఇది తప్పనిసరి.

వరద నీరు తాకిన బావినీ, బోరునూ క్లోరినేషన్ చేయనిదే వాడవద్దు. నీటిని మరిగించి చల్లార్చి తాగండి. అది కుదరనప్పుడు అర గ్రాము క్లోరిన్ బిళ్ళను 20 లీటర్ల బిందెలో వేసి అర గంట ఆగి తాగండి.

విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. తాగించండి. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచా కొలతే సుమా, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

వరద బురదలో పనిచేసినవారికి నెల లోపల జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే ఎలుక జ్వరం కావచ్చు. బురదలో దిగానని వైద్యునికి మీరే చెప్పండి. పాము కాటుకు నాటు వైద్యం వద్దు. కదలకుండా పడుకోబెట్టి, ఏ.ఎస్.వి. ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

విషవాయువు వెలువడితే గాలి వీచే దిశకు అడ్డంగా, ఎత్తైన చోటికి కదలండి. ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకోండి. స్టైరీన్ వంటి వాయువులు గాలికన్నా బరువైనవి, పల్లంలో నిలుస్తాయి.

డయాలసిస్ రోగికి విడత తప్పితే నీరు, ఉప్పు బాగా తగ్గించాలి. కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు, పండ్ల రసాలు ఇవ్వకూడదు. ఏ.కొండూరు, తిరువూరు ప్రాంతాలలో ముప్పై దాటిన ప్రతివారూ ఏడాదికొకసారి సీరం క్రియాటినిన్, మూత్ర పరీక్ష, బి.పి. చూపించుకోవాలి. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు సొంతంగా కొని మింగవద్దు.

మిత్రులారా, దివిసీమలో తాటిచెట్టును పట్టుకున్నవారు బతికారు. పట్టుకొనే బలం లేనివారు పోయారు. తరువాతి తరం ఆ తీరంలో ఆశ్రయ భవనాలు కట్టి, బలహీనుల కోసం కూడా ఒక చెట్టును నాటింది. మా మెట్ట ప్రాంతపు తండాలకు ఆ చెట్టు ఇంకా నాటవలసి ఉన్నది. వచ్చే వానాకాలం లోపల మీ వీధిలో, మీ తండాలో ఎవరు ఏ మందు మీద ఆధారపడి బతుకుతున్నారో ఒక్కసారి కనుక్కోండి. ఆ జాబితా అక్కడి నుంచే మొదలవుతుంది.

స్వస్తి.